ఖాళీ ట్రాలీ బరువు

దయ్యాన్ని చూశానని ఎవరైనా నా దగ్గరికొస్తే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ప్రశ్నలు మొదలుపెట్టేవాణ్ణి. ఎక్కడ చూశావు, వెలుతురు ఎంత ఉంది, పక్కన ఎవరున్నారు, అంతకుముందు ఏం తాగావు. ఆ చివరి ప్రశ్నకు చాలామంది చెప్పులేసుకుని వెళ్లిపోయేవాళ్లు. గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో నన్ను ‘రుజువు తాత’ అంటారు. ఎగతాళికి పెట్టిన పేరే. నేను మాత్రం బిరుదులాగే మోశాను.

నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మిగతాదంతా లైబ్రరీ బల్ల మీద, బస్టాండు బెంచీల మీద చదువుకున్నదే. భూతవైద్యుల మీద పత్రికలకు ఉత్తరాలు రాశాను. టీవీలో రంగురాళ్లు అమ్మేవాళ్లను చూస్తే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది. చదువుకున్నవాళ్లు, కళ్లజోళ్లు పెట్టుకున్నవాళ్లు కూడా ఆ రాళ్లు వేళ్లకు పెట్టుకుని తిరుగుతుంటే ఇంకా మండుతుంది.

అలాంటివాణ్ణి ఇది రాయాల్సి వస్తోంది. సిగ్గుగా ఉంది. దయ్యం కథ రాస్తున్నందుకే అయితే ఆ సిగ్గు ఎలాగో మింగేవాణ్ణి.

ముందు నా బండి గురించి చెప్పాలి. ఎందుకంటే నా దగ్గరున్న సాక్ష్యమంతా దానిదే.

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. జీపు కంటే పొడుగు, వెనక ఎదురెదురుగా సీట్లు. గేరు కర్ర పక్కన ఇంకో చిన్న కర్ర ఉంటుంది. దాన్ని లాగితే నాలుగు చక్రాలూ పట్టు తీసుకుంటాయి. మనిషి నడిచినంత మెల్లగా పోతుంది గానీ, ఎంత బరువునైనా లాగుతుంది. ఇప్పటి పిల్లలు కొనే కార్లు చూడ్డానికి ఏనుగుల్లా ఉంటాయి. వాగులో ఇసక తగిలితే దిగి ట్రాక్టరుకు ఫోన్ చేస్తారు.

బావుల్లో రాయి కొట్టడానికి గాలి కంప్రెసర్ వాడే రోజుల్లో, ఈ బండితోనే దాన్ని ఊరూరూ లాగి బతికాను. బోర్లు వచ్చి బావుల పని పోయింది. కంప్రెసర్ పాత ఇనుము కింద పోయింది. దాని కింది చట్రం ఉంచుకుని, రేకు పరిపించి ట్రాలీ చేయించాను. రెండే చక్రాలు. ఖాళీగా ఉంటే దాని ముందు కొక్కెం నేనొక్కణ్ణే ఎత్తి బండికి తగిలిస్తాను. వెనక బరువెంత ఉందో తిరిగి చూడనక్కర్లేదు. క్లచ్ వదిలేటప్పుడు నా ఎడమ కాలికి తెలిసిపోతుంది. ఎన్నో ఏళ్లు అదే పని చేసిన కాలు.

మా అక్క పేరు గురవమ్మ. ఆమె అత్తగారి ఊరు నల్లమల కొండల అంచున ఉంది. రిజర్వాయరు ముంపులో పోతున్న ఊరు. ఆ రిజర్వాయరు మాట నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి వింటున్నాను. నేను పుట్టినప్పుడు మాది కర్నూలు జిల్లా. నేను కూర్చున్న చోటే ఉన్నాను, జిల్లా మారింది, ప్రభుత్వాలు మారాయి, నీళ్లు మాత్రం రాలేదు. ఇప్పుడు వస్తున్నాయంటే, ముందుగా మా అక్క ఇంటి మీదికే వస్తున్నాయి.

ఊరంతా మార్కాపురం దగ్గర కట్టిన కాలనీకి వెళ్లిపోయింది. తలుపులు, గుమ్మాలు, ఇంట్లో పరిచిన నాపరాళ్లతో సహా ఊడదీసుకుని వెళ్లారు. అక్క ఒక్కతే మిగిలింది. మా బావ పోయి చాలా కాలమైంది. ఆమెను కదిలించడం ఎవరివల్లా కాలేదు. కారణం కాశమ్మ.

కాశమ్మ అక్కకు ఒక్కగానొక్క కూతురు. ఈడొచ్చిన పిల్ల, పెళ్లి కాలేదు. విషజ్వరం వచ్చింది. అప్పట్లో ఆ ఊరికి రోడ్డు లేదు. ఎద్దుల బండిలో వేసుకుని మార్కాపురం ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. నేను అప్పుడు దర్శి వైపు ఎక్కడో బావి పనిలో ఉన్నాను. కబురు అంది వచ్చేసరికి అంతా అయిపోయింది.

అలా పోయిన ఆడపిల్లను మా వాళ్లు ఇంటి పేరంటాలుగా పెట్టుకుంటారు. పెరట్లో మోకాలెత్తు పలకరాయి నిలబెట్టి, పసుపు రాసి, శుక్రవారం దీపం పెడతారు. ఇల్లు మారితే ఆ రాయిని వెంట తీసుకెళ్లాలి. ఊరికే తీసుకెళితే రాయి వస్తుందట గానీ పిల్ల రాదట. మేనమామ పేరు పెట్టి పిలిచి బండి ఎక్కమనాలి. కొత్త ఇంటి ముందు పసుపునీళ్లు చల్లి, మళ్లీ పేరు పెట్టి దిగమనాలి. ఇంకెవరు చెప్పినా లెక్కలోకి రాదు.

కాశమ్మకు మేనమామను నేనొక్కణ్ణే.

“నేను ఇట్లాంటివి చెయ్యనని నీకు తెలుసు గదక్కా,” అన్నాను.

“నాకు తెల్సు. దానికి తెల్దు గదరా. అది నిన్నే మామా అని పిలిచేది,” అంది.

“నీళ్లొస్తాయి ఇక్కడికి.”

“రానీ. పాపను ఇడిచిపెట్టి నేను రాను. నువ్వు ఎక్కమంటే ఎక్కుతాది. నువ్వు దిగమంటే దిగుతాది. నోటిమాటకు నీకేం బరువురా?”

ఆమె అన్న మాట అదే. నోటిమాటకు ఏం బరువు అని.

ఒప్పుకున్నాను. చుట్టూ మొండిగోడలు తప్ప ఎవరూ లేరు, వినేవాళ్లు లేరు, అందుకే ఒప్పుకున్నాను. ఎవరైనా ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

పొద్దున్నే ఇద్దరు కూలీలను పెట్టుకుని సామాను ఎక్కించాను. రోలు, తిరగలి, టేకు గుమ్మం, ఇంటినిండా పరిచిన నాపరాళ్లు. రెండు చక్రాల ట్రాలీలో బరువు వెనక్కి మొగ్గితే లాగే బండి తోక ఊగుతుంది, అందుకని రాళ్లు ఇరుసుకు కాస్త ముందుగా సర్దించాను. కూలీలు వెళ్లిపోయాక కాశమ్మ రాయిని నేనే పెకలించాను. చంకన పెట్టుకుని తెచ్చేంత రాయి. అక్క దానికి కొత్త రవికెగుడ్డ చుట్టింది. ట్రాలీలో వరిగడ్డి మీద పడుకోబెట్టాను.

“పిలువు,” అంది.

“ఏం కాశమ్మా, ఎక్కు. టికెట్టు లేదులే, మీ మామ బండే,” అన్నాను.

అక్క నవ్వింది. “మామవు గదా, ఎగతాళి చేస్తావు. ఎక్కుతాదిలే,” అంది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

దారిలో చెప్పుకోదగింది ఏమీ జరగలేదు. వాగు దగ్గర చిన్న కర్ర లాగి నాలుగు చక్రాల మీద దాటించాను. ఎత్తులో ఇంజన్ వేడెక్కితే ఆపి, చల్లారాక బయల్దేరాను. నిండు లోడు ఎలా లాగాలో అలాగే లాగింది. అక్క దారిపొడుగునా వెనక్కి తిరిగి ట్రాలీ వైపే చూస్తూ కూర్చుంది.

కాలనీ చేరేసరికి మధ్యాహ్నం. ఊరి కుర్రాళ్లంతా వచ్చి సామాను దించారు. అక్క పాలు పొంగించడానికి లోపలికి వెళ్లింది. వెళుతూ పసుపునీళ్ల చెంబు నా చేతికిచ్చింది.

అది చూశాడు, వరసకు నాకు మనవడయ్యే ఒకడు. వీడి తాతకు దయ్యం పట్టిందని వేపమండలతో కొడుతుంటే అడ్డుపడి, ఊరందరి ముందూ అరగంట ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి నేను. వాడికది గుర్తుంది.

“రాండి రాండి! రుజువు తాత పేరంటాలును దించుతాండాడు!” అని కేకేశాడు. “తాతా, ఒక్క నిమిషం ఆగు, ఫోన్ తీస్తా. మళ్లా నువ్వే రుజువేదీ అంటావు గదా!”

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పిల్లలు చుట్టూ చేరారు. రెండు మూడు ఫోన్లు పైకి లేచాయి. ఆ ఊళ్లో నేను ఎంత మంది నోళ్లు మూయించానో వాళ్లంతా ఆ ఫోన్ల వెనక నిలబడి ఉన్నట్టు అనిపించింది.

చెంబులో నీళ్లు పక్కన మట్టిలో పారబోశాను. “పనికిమాలిన పని మానుకోండి. పోయి చదువుకోండి,” అని అరిచాను. వాళ్లను వాకిట్లోనే వదిలి, రాయిని చంకన పెట్టుకెళ్లి పెరట్లో తీసిన గుంటలో నిలబెట్టాను. నోరు తెరవలేదు.

అక్క పొయ్యి దగ్గరి నుంచే అడిగింది. “దిగిందా?”

“దిగిందక్కా.”

“పేరు పెట్టి పిలిచినావా?”

“పిలిచినా. పాలు చూసుకో, పొంగుతాయి.”

ఆమె ముఖం చూడాల్సింది. అంత వెలుగు ఆ ముఖంలో నేను చిన్నప్పుడెప్పుడో చూశాను.

అన్నం తినిపోరా అంటే వినకుండా బయల్దేరాను. ట్రాలీ ఖాళీ. వరిగడ్డి కూడా కుర్రాళ్లు ఊడ్చేశారు. నేనే చూశాను. క్లచ్ వదిలాను. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

హ్యాండ్‌బ్రేకు వేసి ఉందేమో అనుకున్నాను. లేదు. మళ్లీ స్టార్ట్ చేసి ఎక్కువ ఆక్సిలరేటర్ ఇస్తే కదిలింది. కానీ నా ఎడమ కాలు చెబుతోంది, వెనక నిండు లోడు ఉందని. పొద్దున్న వాగు దాటించినప్పటి బరువే. ఇంజన్ ముసలిదైంది, డీజిల్‌లో చెత్త పడి ఉంటుంది అని నాకు నేను చెప్పుకుంటూ కంభం దారి పట్టాను. చదును రోడ్డు మీద కూడా రెండో గేరు దాటలేదు. కంభం ఇంకా దూరం ఉందనగా, వాగు మీద వేసిన ఒక చప్టా దాటాక చిన్న ఎత్తు వస్తుంది. అక్కడ క్లచ్ మాడిన వాసన వచ్చింది. ఆపేశాను.

ఎండ ఇంకా మండుతోంది. ఇందులో చీకటి లేదు, నీడ లేదు, నిద్రమత్తు లేదు. గమనించండి.

ట్రాలీ చక్రాలు చూశాను. గాలి సరిగ్గా ఉంది. బేరింగులు పట్టేశాయేమోనని చెయ్యి పెట్టి చూశాను. వేడి లేదు. కింద వంగి చూస్తే అప్పుడు కనబడింది. కమాన్ కట్టలు చదునుగా పడిపోయి ఉన్నాయి. అంటే ఇరుసు మీద ఉండే ఉక్కు పట్టీలు. ఖాళీ ట్రాలీకి అవి విల్లులా వంగి ఉండాలి. మోయలేనంత బరువు పడితే తప్ప అలా చదును కావు.

పిన్ను తీసి, ముందు కొక్కెం ఎత్తబోయాను. లేవలేదు. అంతలో పాల క్యాన్లతో మోటార్ సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగాడు.

“ఏం పెద్దాయనా, ఖాళీ ట్రాలీ గుడక లాగలేకుంటే ఆ బండిని ఇంకెందుకు పెట్టుకున్న్యావు? పాత ఇనుపోళ్లకి ఎయ్యి.”

“నన్నూ దాంతోపాటే ఎయ్యమంటావా?”

“నిన్నెవురు కొంటారులే!” అని నవ్వుతూ దిగాడు. మంచివాడే. ఇద్దరం కలిసి కొక్కెం పట్టుకున్నాం. కదల్లేదు. అతని నవ్వు ఆగింది. ట్రాలీలోకి తొంగి చూశాడు. రేకు మీద చెయ్యి పెట్టి, ఎండకు కాలిందేమో, వెంటనే తీసేశాడు.

“ఇందులో ఏం ఏసుకొచ్చినావు పెద్దాయనా?”

“ఏమీ లేదు. కనపడతా ఉంది గదా.”

అతను పాలు విరిగిపోతాయంటూ వెళ్లిపోయాడు. పేరు అడగలేదు. అడిగి ఉంటే ఒక్క సాక్షి అయినా ఉండేవాడు.

జాకీ పెట్టి ట్రాలీ ముందు భాగం లేపి, బండిని ఒంటరిగా నడిపి చూశాను. లేగదూడలా పరుగెత్తింది. మళ్లీ ట్రాలీ తగిలించాను. ఒక్కో చక్రాన్నీ జాకీ మీద లేపి చేత్తో తిప్పాను. సులువుగా తిరిగాయి. జాకీ తిప్పడానికి మాత్రం నిండు లోడుకు పెట్టేంత బలం పెట్టాల్సి వచ్చింది.

అప్పటికి నాకు తెలిసిపోయింది. తెలిసిందని ఒప్పుకోవడానికి ఇంకాసేపు పట్టింది. ఎక్కమన్నాను, దిగమనలేదు.

వెనక్కి తిరిగితే కాలనీ. ఎంతో దూరం కూడా లేదు. వెళ్లాలంటే ఆ ఫోన్ల ముందు నిలబడాలి. అక్కకు అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. నేను రోడ్డుకు ఆ కొసా ఈ కొసా చూశాను. ఎవరూ రావడం లేదు. ట్రాలీ రేకు మీద అరచేత్తో ఒక్కటి చరిచి, “కాశమ్మా, దిగు,” అన్నాను.

విసుగ్గా అన్నాను. బస్సులో కండక్టర్ అన్నట్టు అన్నాను. అమ్మా అని కూడా అనలేదు.

కట్టలు కిర్రుమన్నాయి. నా కళ్ల ముందే ట్రాలీ మెల్లగా పైకి లేచింది. బస్తా దించితే లేచినట్టే. పిన్ను తీసి, కొక్కెం ఒక్క చేత్తో ఎత్తి చూశాను. లేచింది.

నేను ఏం చేశానో చెబుతాను. ట్రాలీ మళ్లీ తగిలించి, బండెక్కి, మూడో గేరులో, నాలుగో గేరులో, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాను. అద్దంలో కూడా చూడలేదు. బరువు పోయిందన్న సంతోషం తప్ప నాకు ఇంకేమీ లేదు. కంభం దాటి, టీ తాగుదామని ఆగి, గ్లాసు చేతిలోకి తీసుకున్నాక అప్పుడు తట్టింది. దిగమన్నాను సరే. ఎక్కడ దిగమన్నాను?

చప్టా దగ్గర. ఎండలో. ఇల్లూ వాకిలీ లేని రోడ్డు పక్కన. ఒకసారి దారిలోనే పోయిన పిల్లను.

టీ తాగి ఇంటికి వెళ్లిపోయాను. వెనక్కి వెళ్లలేదు. దయ్యాలు లేవని నమ్మే మనిషి వెనక్కి ఎందుకు వెళ్లాలి? అలా అనుకున్నాను.

తర్వాత నాకు చేతనైన పరీక్షలన్నీ చేశాను. కట్టలు విప్పించి చూశాను. పట్టీ ఒక్కటీ విరగలేదు. చాలాసేపు బరువు కింద ఉన్న పట్టీలు తుప్పుకు ఒకదానికొకటి అతుక్కుని, తర్వాత ఒక్కసారిగా విడిపోవచ్చు. నా చరుపుకే విడిపోయాయనుకుందాం. దానివల్ల ట్రాలీ కిందికి దిగినట్టు కనబడొచ్చు, బరువు పెరగదు. ఇద్దరు మగాళ్లకు లేవని కొక్కెం సంగతేమిటి? క్లచ్ ప్లేటు నిజంగానే మాడింది. మార్చిన మెకానిక్ “ఎంత లోడు లాగినావు తాతా?” అని అడిగాడు. డబ్బులిచ్చి వచ్చేశాను. వేరే ఎవరైనా ఈ కథ చెబితే నేను ఏ ప్రశ్నలు వేసేవాణ్ణో అవన్నీ వేసుకున్నాను. ఒక్కదానికీ లేచి వెళ్లిపోవడానికి లేదు, ఎందుకంటే చెప్పేవాణ్ణి నేనే.

ఇక్కడితో ఆగి ఉంటే వింత అని చెప్పుకుని ఊరుకునేవాణ్ణి.

కొన్నాళ్లకు కాలనీ నుంచి కబురొచ్చింది, మీ అక్క సరిగా తినడం లేదని. వెళ్లాను. చిక్కిపోయింది. పెరట్లో కాశమ్మ రాయి ముందు దీపం ఉంది, పసుపు ఉంది, పూలున్నాయి.

“అక్కడుంటే పొద్దుగూకేయాళకు తోడున్నట్టే ఉండేదిరా,” అంది. “ఈడ రాయి రాయిగానే ఉంది.”

“కొత్త చోటు గదక్కా.”

“కాదులే. అలిగింది. ఊరు ఇడిపించి తెచ్చినానని నా మీద అలిగింది. నేనే రాకుండా ఉండాల్సింది. నువ్వు పిలిస్తే దిగింది గానీ, నా మొహం చూడబుద్ధి కాక యాడికో పోయింది.”

అప్పుడైనా చెప్పొచ్చు. నీ మీద అలగలేదక్కా, నేను దించలేదు, నలుగురు నవ్వుతారని నోరు మూసుకున్నాను, తర్వాత రోడ్డు మీద దించేసి పోయాను అని. నాలుగు మాటలు. ఆమె నన్ను తిట్టేది, కొట్టేది, కానీ తనను తాను తిట్టుకోవడం ఆపేది. నేను తల వంచుకుని, “అన్నం తినక్కా,” అన్నాను.

మర్నాడు ట్రాలీ తగిలించుకుని చప్టా దగ్గరికి వెళ్లాను. కొబ్బరికాయ, పసుపునీళ్లు తీసుకెళ్లాను. రోడ్డు మీద మనుషులు తిరుగుతున్నారు. మార్కాపురం బస్సు ఆగి, జనం కిటికీల్లోంచి చూశారు. చూడనీ అనుకున్నాను. ఆ రోజు ఫోన్ల ముందు లేని ధైర్యం, ఎందుకూ పనికిరాని చోట వచ్చింది. పసుపునీళ్లు చల్లి, “అమ్మా కాశమ్మా, తప్పైంది తల్లీ, ఎక్కు, అమ్మ దగ్గరికి పోదాం,” అని పెద్దగా పిలిచాను. కిందికి వంగి కట్టల వైపు చూస్తూ నిలబడ్డాను.

అవి విల్లులా అలాగే ఉన్నాయి.

అయినా కాలనీకి లాక్కెళ్లాను. ఖాళీ ట్రాలీ ప్రతి గుంటకూ గంతులేసింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్లాను. అప్పుడప్పుడూ క్లచ్ వదిలేటప్పుడు కాలికి బరువు తెలిసినట్టు అనిపిస్తుంది. దిగి చూస్తే ఏమీ ఉండదు. జీవితంలో మొదటిసారి, బండి బరువుగా లాగాలని కోరుకుంటున్నాను.

ఇదంతా ఇక్కడ ధైర్యంగా రాస్తున్నానంటే కారణం ఒక్కటే. మా అక్కకు చదువు రాదు.

మొన్న వెళ్లినప్పుడు బండి చప్పుడు విని ఆమే బయటికొచ్చింది. “ఊరికూరికే ట్రాలీ ఏసుకోని వస్తాండావు. ఏం తెచ్చినావురా?” అని అడిగింది.

“ఏం లేదక్కా. ఖాళీదే,” అన్నాను.

ఖాళీదే అని చెప్పినా ఆమె దగ్గరికొచ్చింది. ట్రాలీ అంచు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, లోపలికి చాలాసేపు చూసింది. ఆ తర్వాత నా వైపు చూసింది.

ఆ మధ్యాహ్నం నా వెనక ఉన్న బరువు ఏమిటో నేను ఇవాళ్టికీ చెప్పలేను. అది ఉందని చెప్పాల్సిన ఒక్క మనిషికి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.